ఫ్రోమాంతాన్ జీవితాన్ని తెలుగులో ఎలా రాయాలి: చిత్రకారుడైన యాత్రా రచయితపై వ్యాసానికి ఒక మార్గదర్శి

పంతొమ్మిదో శతాబ్దంలో రంగులపెట్టె పట్టుకుని ఉత్తరాఫ్రికాకు వెళ్లిన ఫ్రెంచి చిత్రకారులకు కొదవ లేదు. తిరిగి వచ్చాక తాము చూసినదాన్ని పుస్తకంగా రాసినవారూ వారిలో ఉన్నారు. అయితే చిత్రకారుడిగా ఎంత పేరు వచ్చిందో రచయితగానూ అంత పేరు తెచ్చుకుని, ఒక కళను రెండోదానికి ఊడిగం చేయించకుండా రెండింటినీ విడివిడిగా నిలబెట్టినవాడు యూజెన్ ఫ్రోమాంతాన్ (1820–1876). ఆయనపై పత్రికకో, విజ్ఞాన సర్వస్వానికో తెలుగులో జీవిత వ్యాసం రాయాలనుకునేవారికి ఏ వరుసలో పని చేయాలో, దేన్ని దేనితో సరిచూసుకోవాలో, ఎక్కడ ఆగి వివరించాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఫ్రెంచి బాగా వచ్చినవారికి ఈ పని సులువు. అంతగా రానివారు కూడా నిఘంటువు దగ్గర పెట్టుకుని ఓపికగా చదివితే చేయగలిగినదే, ఎందుకంటే ఆయన పుస్తకాలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి డిజిటల్ భాండాగారం ‘గాలికా’ (Gallica)లో ఉచితంగా దొరుకుతాయి.

పుట్టుక, చదువు, ప్రయాణాలు, రచనలు, మరణం అనే వరుసలో రాసుకుంటూ పోవడం మనకు అలవాటైన పద్ధతి. ఫ్రోమాంతాన్ విషయంలో ఆ పద్ధతి ఆయన జీవితంలోని అసలు సంగతిని కప్పేస్తుంది. చూసిన కాలానికీ దాన్ని రాసిన లేదా చిత్రించిన కాలానికీ మధ్య ఉన్న దూరమే ఆ అసలు సంగతి. ఆయన శ్రమ ఎక్కువగా ఆ దూరంలోనే సాగింది. కనుక వ్యాసానికి వెన్నెముక కావలసింది ఆ దూరమే.

ముందుగా రెండు నిలువు వరుసలు

ఒక్క వాక్యం కూడా రాయకముందు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసుకోండి. ఎడమవైపు ఆయన ఏ కాలంలో ఎక్కడ ఉన్నాడో, కుడివైపు ఏ కాలంలో ఏమి ప్రచురించాడో లేదా ప్రదర్శించాడో వేయండి. రెండింటినీ ఒకే వరుసలో కలపకండి.

ఎడమవైపు తక్కువ నమోదులే వస్తాయి. 1846 వసంతంలో మొదటి అల్జీరియా ప్రయాణం జరిగింది. అది కొద్ది వారాలది, ఒక మిత్రుని సోదరి పెళ్లికి బ్లిదా పట్టణం వెళ్లే నెపంతో, ఇంట్లో వారికి చెప్పకుండా చేసినది. 1847 సెప్టెంబరు నుంచి 1848 మే వరకు చిత్రకారుడు ఓగుస్త్ సాల్జ్‌మన్‌తో కలిసి రెండో ప్రయాణం చేశాడు. అప్పుడే కాన్‌స్టంటీన్, బిస్క్రా ప్రాంతాలు చూశాడు. ఫ్రెంచివారిని ఎదిరించి పోరాడిన అల్జీరియా నాయకుడు అబ్దుల్ ఖాదర్ ఫ్రెంచి సైన్యానికి లొంగిపోయింది 1847 డిసెంబరులో, పారిస్‌లో రాచరికం కూలింది 1848 ఫిబ్రవరిలో. ఈ రెండూ జరిగినప్పుడు ఆయన అల్జీరియాలోనే ఉన్నాడు. 1852 నవంబరు నుంచి 1853 అక్టోబరు వరకు సాగినది మూడోదీ చివరిదీ. 1852 మే నెలలో పెళ్లి చేసుకున్న భార్యతో కలిసి వెళ్లి, అల్జీర్స్ శివారు ముస్తఫాలోనూ బ్లిదాలోనూ కాపురముండి, 1853 వేసవిలో భార్యను వదిలి ఒంటరిగా దక్షిణాన లగువాత్ ఎడారి పట్టణానికి వెళ్లాడు. ఆ తరువాత 1869 చివర సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి ఆహ్వానితుడిగా ఈజిప్టు, 1870 వేసవిలో వెనిస్, 1875 జూలైలో బెల్జియం, హాలండ్. వెనిస్ యాత్ర ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం రావడంతో అర్ధాంతరంగా ఆగింది.

ఇప్పుడు కుడివైపు. 1847లో పారిస్ వార్షిక చిత్రప్రదర్శన సాలోన్‌లో మొదటిసారి చిత్రాలు పెట్టాడు, 1849లో అక్కడే రెండో తరగతి పతకం పొందాడు. 1853 వేసవి ప్రయాణం 1854లో ‘రెవ్యూ ద్ పారీ’ పత్రికలో వచ్చి, 1857లో ‘సహారాలో ఒక వేసవి’ అనే పుస్తకమైంది. అదే ప్రవాసంలోని మిగిలిన భాగం 1858లో ‘రెవ్యూ దె దూ మోంద్’లో వచ్చి, 1859లో ‘సహెల్‌లో ఒక ఏడాది’గా వెలువడింది. ‘దొమినిక్’ నవల 1862లో పత్రికలో, 1863లో పుస్తకంగా వచ్చింది. లగువాత్ వీధి చిత్రం 1859 సాలోన్‌కు, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న డేగవేట చిత్రం 1863కు చెందినవి. ‘దాహపు దేశం’ చిత్రాన్ని 1869 ప్రాంతంలో వేశాడు. ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం), హాలండ్ చిత్రకారులపై రాసిన ‘నాటి మహాచిత్రకారులు’ 1876లో వచ్చింది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే జీవితచరిత్రలలో ఒక్క ముక్కలో తేలిపోయే సంగతి బయటపడుతుంది. 1853 అక్టోబరు తరువాత ఆయన మళ్లీ అల్జీరియాలో అడుగు పెట్టలేదు. బతికిన మిగతా ఇరవై మూడేళ్లూ అల్జీరియా గుర్రాలను, రౌతులను, గుడారాలను, నీటి కడవలను పారిస్ చిత్రశాలలో కూర్చుని, పాత స్కెచ్చులను, అంతకంటే ఎక్కువగా జ్ఞాపకాన్ని నమ్ముకుని చిత్రించాడు. మీ వ్యాసంలో ఈ వాక్యం మొదటి పేరాలోనే ఉండాలని నా అభిప్రాయం. అది తెలియని పాఠకుడు ఆయన ప్రతి చిత్రాన్నీ ఎడారిలో ఎండలో నిలబడి వేసినదనుకుంటాడు.

బాల్యాన్ని ఎంతమేరకు చెప్పాలి

బాల్యం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు, కానీ మూడు సంగతులు వదలకూడదు. ఆయన 1820 అక్టోబరు 24న అట్లాంటిక్ తీరంలోని లా రొషెల్ రేవుపట్టణంలో పుట్టాడు. ఊరికి ఆనుకుని ఉన్న సెంట్ మోరిస్‌లో వారి కుటుంబానికి ఇల్లూ తోటా ఉండేవి. తండ్రి వైద్యుడు, మానసిక రోగుల ఆసుపత్రికి అధిపతి, తీరిక వేళల్లో బొమ్మలు వేసేవాడు. బొమ్మలు వేసే తండ్రే కొడుకు చిత్రకారుడవుతానంటే ఒప్పుకోలేదు, న్యాయశాస్త్రం చదవమని 1839లో పారిస్ పంపాడు. కొడుకు పట్టా పుచ్చుకుని ఒక న్యాయవాది కార్యాలయంలో కొంతకాలం పనిచేసి, ఆ తరువాతే చిత్రకారుడు రేమోన్ వద్దా, ప్రకృతి చిత్రకారుడు లూయీ కబా వద్దా శిష్యరికం చేశాడు. అంటే చేతికి శిక్షణ ఆలస్యంగా మొదలైంది. తనకు చిత్రలేఖనంలో పునాది చాలలేదన్న బాధ ఆయన ఉత్తరాలలో తరచూ కనిపిస్తుంది, కనుక ఈ ఆలస్యాన్ని ముందే చెప్పి ఉంచడం మంచిది.

మూడోది ఆయన తొలిప్రేమ. పొరుగున ఉండే, తనకంటే వయసులో కొన్నేళ్లు పెద్దదైన ఒక యువతిని కుర్రతనంలో ప్రేమించాడు. ఆమెకు 1834లో వేరొకరితో పెళ్లయింది, 1844లో ఆమె చనిపోయింది. ‘దొమినిక్’ నవలకు మూలం ఆ ప్రేమే. ఇక్కడ చాలామంది ప్రేమకథను విస్తరించడానికి ఇష్టపడతారు. నా సలహా ఏమంటే, కథను రెండు వాక్యాలకు కుదించి, ఆమె మరణానికీ నవల అచ్చుకూ మధ్య గడిచిన పద్దెనిమిదేళ్లను చూపండి. మీరు గీసుకున్న రెండు వరుసలలో కనిపించిన ఆలస్యం ఇక్కడా ఉంది. ఎడారైనా ప్రేమైనా, ఆయన కలానికి అది చేరేది అనుభవం చల్లబడిన తరువాతే. పాఠకుడికి ఈ పోలిక మీరే చూపాలి, లేకపోతే ఆ నవల యాత్రాగ్రంథాలతో సంబంధం లేని ఒక విడి పుస్తకంగా మిగిలిపోతుంది. దాన్ని నవలా రచయిత్రి జార్జ్ సాండ్‌కు అంకితమిచ్చాడన్న వాస్తవం ఇక్కడే చెప్పవచ్చు. ‘సహారాలో ఒక వేసవి’ వచ్చిన ఏడాదే ఆమె పత్రికలో దాన్ని మెచ్చుకుంటూ రాసింది.

ఉత్తరాల రూపంలో ఉన్న పుస్తకాలను నమ్మే తీరు

రెండు యాత్రాగ్రంథాలూ పారిస్‌లో ఉన్న ఒక మిత్రునికి రాసిన ఉత్తరాల రూపంలో ఉంటాయి. మొదటి పుస్తకం అల్జీరియాలోని మెదియా నుంచి 1853 మే 22 తేదీతో మొదలవుతుంది. తెలుగు పాఠకుడికి ఈ రూపం చూడగానే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర గుర్తొస్తుంది. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన వీరాస్వామయ్య ఏ రోజు ఏ మజిలీ చేరాడో, అక్కడ ఏమి దొరికిందో, ఏమి దొరకలేదో దారి పొడవునా రాసి మిత్రునికి పంపాడు, కనుక ఆ తేదీలను మనం తేదీలుగానే నమ్మవచ్చు. ఫ్రోమాంతాన్ పుస్తకాలను ఆ నమ్మకంతో చదవకూడదు. అవి పారిస్ తిరిగి వచ్చాక, ఎక్కువ భాగం జ్ఞాపకం నుంచి కూర్చినవి. ఉత్తరం అన్నది ఆయన ఎంచుకున్న సాహిత్య రూపం. తేదీలు కథనానికి క్రమం ఇవ్వడానికి వేసినవి.

కనుక పుస్తకంలోని తేదీని జీవిత ఘటన తేదీగా మీ వ్యాసంలోకి ఎత్తి రాయకండి. ఆయన నిజంగా రాసిన ఉత్తరాలు వేరే ఉన్నాయి. యౌవనకాలపు లేఖలు 1909లో అచ్చయ్యాయి, సమగ్ర లేఖావళి 1995లో రెండు సంపుటాలుగా వచ్చింది. ఏ రోజు ఎక్కడ ఉన్నాడన్నది వాటితో సరిచూసుకుని, రెండూ కలిసిన చోట మాత్రమే తేదీ వేయండి. కలవని చోట ‘1853 వేసవిలో’ అని రాస్తే చాలు, వ్యాసానికి వచ్చే లోటేమీ లేదు.

రెండో పుస్తకంలో ఇంకా జాగ్రత్త కావాలి. అందులో హవా అనే స్త్రీ ఉంది, దేశదిమ్మరి అయిన వాందెల్ అనే పండితుడు ఉన్నాడు. గుర్రపుస్వారీ వేడుక జరుగుతుండగా హవా దుర్మరణం పాలవడంతో పుస్తకం పతాకస్థాయికి చేరుతుంది. ఇది యాత్రాగ్రంథం లోపల నవల పద్ధతిలో నడిచిన కథ. నాలుగేళ్ల తరువాత నవల ప్రచురించబోయే మనిషి చెయ్యి ఇక్కడే కనిపిస్తుంది. ఈ పాత్రలను ‘ఆయన అల్జీరియా మిత్రులు’ అని జీవిత వివరాలలో చేర్చితే తప్పు. ‘పుస్తకంలోని పాత్రలు’ అని స్పష్టంగా రాయండి.

పుస్తకం పేరులోని సహెల్ కూడా పొరపాటుకు తావిస్తుంది. వార్తల్లో మనం వినే సహెల్ సహారాకు దక్షిణాన ఉన్న మాలీ, నైజర్ ప్రాంతం. ఫ్రోమాంతాన్ సహెల్ దానికి పూర్తిగా ఉత్తరాన, అల్జీర్స్ నగరం వెనుక మధ్యధరా తీరం వెంట ఉన్న పచ్చని కొండల వరుస. పుస్తకంలో వానలు, తోటలు, సముద్రం ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. వ్యాసంతో పాటు చిన్న పటం వేసి అల్జీర్స్, బ్లిదా, మెదియా, జెల్ఫా, లగువాత్‌లను ఉత్తరం నుంచి దక్షిణానికి గుర్తిస్తే, వంద మాటల వివరణ తప్పుతుంది.

ఆయన వచనం ఎలా ఉంటుందో చూపడానికి ఒక్క ఘట్టం ఎంచుకోమంటే, మొదటి పుస్తకం ఆరంభంలో వచ్చే ఎల్ కంతారా వంతెన ఘట్టాన్ని ఎంచుకోమంటాను. అది రెండో ప్రయాణంలో చూసినది, మూడో ప్రయాణపు పుస్తకంలో జ్ఞాపకంగా వస్తుంది. కొండల మధ్య ఇరుకు కనుమ, దానికి అడ్డంగా పాత వంతెన. ఉత్తరపు మేఘాలన్నిటినీ ఆ కొండ ఆపేస్తుందని, వాన అక్కడిదాకా వచ్చి చచ్చిపోతుందని, చలికాలం ఆ వంతెన దాటదని అక్కడి అరబ్బుల నమ్మకం. అందుకు వారు చూపే సాక్ష్యం కొండే. ఒక పక్క అది నల్లగా వానరంగులో ఉంటుంది, రెండో పక్క గులాబీగా, మంచి ఎండరోజు రంగులో ఉంటుంది. ఈ ఘట్టాన్ని తెలుగు చేసి వ్యాసంలో పెట్టండి. చిత్రకారుడి కన్ను ఇందులో ఉంది, కానీ దీన్ని చిత్రంగా వేయడం కష్టం. ఒక కొండ రెండు ముఖాలనూ ఒకే చోట నిలబడి చూడలేం, మాటల్లో మాత్రం ఒకే వాక్యంలో దాటవచ్చు.

చిత్రాలను పుస్తకాల పక్కన పెట్టి చూడడం

1874లో మొదటి పుస్తకం మూడో ముద్రణకు ఆయన రాసిన ముందుమాట మీకు తప్పనిసరి పాఠ్యం. కళ్లతో మాట్లాడే భాష వేరు, మనసుతో మాట్లాడే భాష వేరని, చిత్రకారుడు చేసిన పనినే మళ్లీ చేయడానికి పుస్తకం అక్కరలేదని, చిత్రం చెప్పనిదాన్ని చెప్పడానికే అది ఉందని ఆయన అందులో వాదించాడు. చదవడానికి ఇది సిద్ధాంతంలా ఉంటుంది. ఇది నిజమో కాదో తేల్చుకునే పని జీవితచరిత్రకారుడిది. అందుకు ఒక చిత్రాన్నీ దానికి సంబంధించిన పుటలనూ తీసుకుని పక్కపక్కన పరిశీలించాలి.

ముందు పుస్తకం చదివి తరువాత చిత్రం చూడకండి. చిత్రమే ముందు చూడండి. మ్యూజియం వారి వెబ్‌సైట్‌లో దొరికే పెద్ద ఛాయాచిత్రం తెరిచి, దేన్నీ గుర్తు చేసుకోకుండా, కనిపించేది మాత్రమే ఐదారు వాక్యాల్లో రాసుకోండి. కొలతలు చూసి గోడమీద ఆ పరిమాణాన్ని ఊహించుకోండి, తెరమీద ప్రతి చిత్రమూ ఒకే పరిమాణంలో కనిపించి మోసం చేస్తుంది. రంగుల గురించి గట్టిగా తీర్పు చెప్పకండి, ఒకే చిత్రానికి రెండు ఫొటోలలో రెండు రంగులు ఉండడం మామూలే.

లగువాత్ వీధి చిత్రాన్నే తీసుకుందాం. అది ఇప్పుడు ఉత్తర ఫ్రాన్స్‌లోని దుయే పట్టణపు మ్యూజియంలో ఉంది. మట్టిగోడల మధ్య ఇరుకైన వీధి, ఎండకు తెల్లబారిన నేల, గోడ వెంబడి సన్నని నీడ, ఆ నీడ ఉన్నంతమేర ఒళ్లు చాచి పడుకున్న మనుషులు. ఘటన అంటూ ఏమీ లేదు. మధ్యాహ్నపు ఎండలో ఊరు ఊపిరి బిగబట్టింది. ఎడారి అంటే ధగధగలాడే రంగులని ఆశించే కంటికి ఇక్కడ దొరికేది బూడిద, గోధుమ, మాసిన తెలుపు. రంగును ఇలా అణచడమే ఆయన ప్రత్యేకత. అంతకు ముందు తరంలో ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా 1832లో మొరాకో, అల్జీర్స్ చూసి వచ్చి వేసిన చిత్రాల వేడి ఇందులో కనిపించదు.

ఇప్పుడు పుస్తకం తెరవండి. అందులో లగువాత్ వేరే ఊరు. ఫ్రెంచి సైన్యం జనరల్ పెలిసియే నాయకత్వాన ఆ పట్టణాన్ని 1852 డిసెంబరు 4న దాడి చేసి పట్టుకుని, ఊరి జనాన్ని ఊచకోత కోసింది. ఫ్రోమాంతాన్ అక్కడికి చేరింది ఆరు నెలల తరువాత. తూటాలకు తూట్లు పడిన తలుపులు, తొందరలో పూడ్చిన గోతులు, కళేబరాల చుట్టూ కుక్కలు ఆయన పుటల్లో ఉన్నాయి. దాడిలో పాల్గొన్న ఒక లెఫ్టినెంటు ఆయనకు ఊరు చూపిస్తూ, అంతకు ముందు తనకు పరిచయమైన ఇద్దరు నర్తకుల గురించి చెబుతాడు. ఊరు పడిన రోజు వారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఒకామె చనిపోయి ఉంది. రెండో ఆమె, మెరియెమ్, అతని చేతుల్లో ప్రాణం విడిచింది. విడుస్తున్నప్పుడు ఆమె పిడికిట్లోంచి ఒక గుండీ జారి పడింది. అది ఆమెను చంపిన సైనికుడి చొక్కా నుంచి ఆమె పెరికినది.

ఆ గుండీ ఏ చిత్రంలోనూ లేదు. ముందుమాటలో చెప్పిన సిద్ధాంతం నిజమేనని ఇక్కడ తేలుతుంది, అదే సమయంలో దాని వెల ఎంతో కూడా తెలుస్తుంది. నెత్తురు కలానికి దక్కింది, నిద్ర కుంచెకు దక్కింది. 1859లో సాలోన్‌కు వచ్చిన ప్రేక్షకుడు ఆ వీధిలో మధ్యాహ్నపు కునుకు చూసి వెళ్లిపోయాడు. పుస్తకం చదివినవాడికి మాత్రం ఆ వీధిలో పడి ఉన్న దేహాలను నిద్రపోతున్నవిగా మాత్రమే చూడడం కష్టం. నాకైతే సాధ్యం కాలేదు. మీ వ్యాసంలో ఇతర చిత్రాలను పేర్లతో సరిపెట్టినా, ఈ ఒక్కదానికి రెండు పేరాలు ఇవ్వండి.

వలసపాలన గురించి రాయవలసిన తీరు

ఫ్రెంచివారు అల్జీర్స్‌ను ఆక్రమించింది 1830లో. ఫ్రోమాంతాన్ ప్రయాణాలన్నీ ఆ ఆక్రమణ దక్షిణానికి పాకుతున్న కాలంలో జరిగినవి. సైన్యం వేసిన దారిలో, సైనిక మజిలీల నడుమ, సైనికాధికారుల ఆతిథ్యంతో ఆయన లగువాత్ చేరాడు. ఈ సంగతిని ఒక నేపథ్య వాక్యంలో దాచేయకూడదు, ఎందుకంటే ఆయన ఏమి చూడగలిగాడన్నది దీనిపైనే ఆధారపడింది. వలసపాలన కింద బతికిన దేశం నుంచి రాస్తున్న మనకు ఈ కోణం వెంటనే కనిపిస్తుంది, అది మన వ్యాసానికి బలమే.

అయితే తీర్పు తొందరలో రెండు వైపులా జారవచ్చు. ఊచకోత ఆనవాళ్లను అచ్చులో పెట్టాడు కనుక ఆయన వలసవాదాన్ని వ్యతిరేకించాడని రాయడం అతిశయోక్తి. ఆ యుద్ధాన్ని నిలదీసే గ్రంథం ఆయన రాయలేదు. సైన్యం వెంట వెళ్లాడు కనుక ఆయన రాసినదంతా ప్రచారమని కొట్టిపారేయడమూ అన్యాయమే, ఆ గుండీని మరిచిపోనివ్వకుండా చేసినవాడు ఆయనే. ఆయన ఏమి రాశాడో, ఏమి చిత్రించలేదో రెండూ పాఠకుడి ముందు పెట్టి, మధ్యలో మీ విశేషణాలు తగ్గించండి. అల్జీరియా వారిని వర్ణించేటప్పుడు ఆయన వాడిన ఆ కాలపు తేలిక మాటలను మీ సొంత వాక్యాల్లోకి రానివ్వకండి. ఉదహరించక తప్పనప్పుడు ఆయన మాటగానే ఉదహరించండి.

ఒక వాక్యం చిత్రంగా మారేదాకా

మొదటి పుస్తకం చివర ఆయన దక్షిణ దిక్కున కనిపించే నిర్జన క్షితిజానికి మనసులోనే నమస్కరిస్తాడు. దాహపు దేశమని దానికి జనం పెట్టిన పేరు ఎంతో సరైనదంటూ, ఆ పేరుతోనే పుస్తకం ముగిస్తాడు. 1857లో అచ్చయిన ఆ పేరు పన్నెండేళ్లు గడిచాక, 1869 ప్రాంతంలో ఒక చిత్రానికి శీర్షికైంది. రాతినేల మీద దాహంతో కూలిపోతున్న మనుషులు, వారిలో ఒకరు ఆకాశం వైపు చెయ్యి చాచి ఉంటారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో వేసిన మెదూసా ఓడ తెప్ప చిత్రాన్ని ఎరిగినవారికి ఆ చెయ్యి వెంటనే పరిచయమైనదిగా తోస్తుంది. అక్కడ చుట్టూ సముద్రం, ఇక్కడ చుట్టూ నీటిచుక్క లేని నేల. దీనికి రెండు ప్రతులున్నాయి, ఒకటి పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో, ఇంకొకటి బ్రస్సెల్స్‌లోని రాజ మ్యూజియంలో. ఏ ప్రతి ఫొటోను వాడుతున్నారో కింద స్పష్టంగా రాయండి.

ఈ చిత్రం వేసిన రోజుల్లో ఫ్రోమాంతాన్ పేరున్న మనిషి. 1859లో ప్రభుత్వ గౌరవం అందుకున్నాడు, చిత్రాలకు కొనుగోలుదారులున్నారు. వారు అడిగేది మాత్రం అరబ్బు రౌతులు, గుర్రాలు, వేట, మళ్లీ అవే. అడిగినవి వేసి ఇస్తూనే ఆ పునరావృతంతో ఆయన విసిగిపోయాడు. ఆరామంగా ఉండే అల్జీరియా దృశ్యాలు వరుసగా అమ్ముడవుతున్న కాలంలో ‘దాహపు దేశం’ వేయడాన్ని ఆ విసుగు పక్కన పెట్టి చూపిస్తే, చిత్రం ఎందుకంత కఠినంగా ఉందో కొంత తెలుస్తుంది.

ఈజిప్టు ప్రయాణాన్ని చాలా వ్యాసాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. దాన్ని దాటకండి. 1869 చివర ఆహ్వానితుల బృందంతో నైలు నది మీద సాగుతూ ఆయన రాసుకున్న నోట్సు పుస్తకం కాలేదు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1935లో, అవి అచ్చయ్యాయి. తెగిన వాక్యాలు, క్రియలు లేని వరుసలు, గంట, గాలి, నీటిరంగు, ఒడ్డురంగు అంటూ సాగే టిప్పణాలు అవి. వీటిలోంచి ఒక పుటనూ, సహారా పుస్తకంలోంచి ఒక పుటనూ తీసి పక్కపక్కన ఉంచితే, చూసినది వచనంగా మారడానికి ఆయనకు మధ్యలో అంత కాలం ఎందుకు కావలసి వచ్చిందో మీరు వేరే వివరించనక్కరలేదు. ఆయన పనితీరుకు ఇంతకంటే ప్రత్యక్షమైన సాక్ష్యం లేదు.

చివరి ఏడాది

చివరి పుస్తకం ఈ క్రమాన్ని తప్పింది, ఆ తేడాను వ్యాసంలో తప్పక చూపాలి. 1875 జూలైలో బెల్జియం, హాలండ్ మ్యూజియంలు తిరిగాడు. 1876 జనవరి నుంచే ఆ వ్యాసాలు ‘రెవ్యూ దె దూ మోంద్’లో రావడం మొదలైంది. ఎడారికి ఎక్కువ కాలం పట్టిన మనిషికి రూబెన్స్, రెంబ్రాంట్, రూయిస్‌దాల్ చిత్రాలకు ఆరు నెలలు చాలాయి. నాకు తోచిన కారణం ఇది. ఇక్కడ ఆయన ముందున్నది దేశం కాదు, సాటి పనివారి పనితనం. రంగు ఎలా పులిమారో, నీడ ఎక్కడ తప్పిందో చెప్పడానికి ముప్పై ఏళ్ల చేతి అనుభవం సిద్ధంగా ఉంది. రెంబ్రాంట్ ‘రాత్రి పహరా’ను, అప్పటికి అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని ట్రిపెన్‌హౌస్ భవనంలో ఉండేది, అందరూ పొగుడుతున్నారని పొగడకుండా, దాని లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. ఆ పుటలు చదివి ఒప్పుకోని విమర్శకులు చాలామంది. అయినా చిత్రకారుడు చిత్రకారుల గురించి రాసిన గ్రంథాలలో దీనికి ప్రత్యేక స్థానముంది. తరువాతి తరంలో విన్సెంట్ వాన్ గో దీన్ని చదివి తన ఉత్తరాలలో చర్చించాడు.

అదే 1876లో ఫ్రెంచి అకాడమీ సభ్యత్వానికి పోటీ చేసి ఓడిపోయాడు. ఆగస్టు 27న సెంట్ మోరిస్‌లో, పుట్టిన ఊరి పక్కనే, కార్బంకుల్ అనే చీముపుండు సోకి మరణించాడు. అప్పటికి ఆయనకు యాభై ఐదేళ్లు. ఈ భాగాన్ని విచారపు విశేషణాలతో నింపకండి. పుస్తకం, ఓటమి, మరణం ఒకే ఏడాది కొద్ది నెలల్లో వచ్చాయన్న వాస్తవానికే సరిపడినంత బరువుంది.

అచ్చుకు పంపే ముందు

పేర్ల విషయంలో ఒకే పద్ధతి పాటించండి. ఫ్రెంచి పేర్లను ఉచ్చారణకు దగ్గరగా రాసి, అల్జీరియా ఊళ్లకు నేటి పేర్లు వాడండి. ఫ్రోమాంతాన్ ‘ఎల్ అగువాత్’ అని రాసినది నేటి లగువాతేనని ఒకచోట చెబితే చాలు. పుస్తకాల పేర్లకు తెలుగు అనువాదం ఇచ్చినప్పుడు, ఆ పుస్తకానికి తెలుగు అనువాదం ఉన్నట్టు పాఠకుడు పొరబడకుండా మొదటి ప్రస్తావనలోనే అది మీరు పెట్టిన పేరని తెలపండి. ఈ వ్యాసంలోని పేర్లూ నేను పెట్టుకున్నవే.

తేదీలలో పత్రికలో వచ్చిన ఏడాదినీ పుస్తకమైన ఏడాదినీ ఎక్కడా కలపకండి. సహారా పుస్తకానికి 1854, 1857. సహెల్ పుస్తకానికి 1858, 1859. నవలకు 1862, 1863. ఇంటర్నెట్‌లో దొరికే చిన్న పరిచయాలలో ఎక్కువగా తారుమారయ్యేవి ఈ మూడు జంటలే. ఆ తరువాత మొదట్లో గీసిన రెండు వరుసల కాగితాన్ని మళ్లీ తీసి, మీ వ్యాసంలోని ప్రతి పేరాను దానితో పోల్చండి. ఏ పేరాలోనైనా ప్రయాణం మాత్రమే ఉండి దానిలోంచి పుట్టిన పని లేకపోయినా, పని మాత్రమే ఉండి అది ఏ ప్రయాణం నుంచి ఎన్నేళ్లకు వచ్చిందో లేకపోయినా, ఆ లోటును ఒక వాక్యంతో పూరించి పంపండి.